గడపలో బూడిద

కోత పండుగకు చర్చికి ఇవ్వాలని పక్కన పెట్టిన ప్రథమ ఫలం బస్తాలో వడ్లు తగ్గాయి. అడుగున చిరుగు ఉంది. రాహేలు కంటికి అది కత్తెరతో కోసినట్టే కనబడింది. అనుమానం పడ్డ కంటికి అన్నీ అట్లాగే కనబడతాయి మరి.

"పందికొక్కు కొరికింది అత్తమ్మా" అంది కోడలు ఆశ.

"బండలు పరిచిన ఇంట్ల పందికొక్కు యాడికెళ్లి వస్తది?"

మొన్న ఆదివారమే ఆశ నిండు సంచితో కౌడిపల్లిలోని తల్లి దగ్గరికి పోయింది. దేవుడి గింజ ముట్టిన చేతికి ఇంటి తాళాలు ఎట్లా ఇచ్చేదని రాహేలు కుమిలిపోయింది. ఈ పండుగనాడే ఇద్దామనుకుంది పాపం.

సాయంత్రం ఆశ ట్యూషన్ పిల్లలకు చెబుతోంది. "బ్యాండికూట్ అంటే మన పందికొక్కే. ఇంగ్లీషోళ్లు మన దగ్గర విని తీస్కపోయిండ్రు. ఆస్ట్రేలియాల ఇంకో జంతువుకు గూడ గా పేరే పెట్టిండ్రు."

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న రాహేలుకు ఒళ్లు మండింది. దొంగతనం పందికొక్కు మీదికి నెట్టింది చాలక దానికి దొరల చుట్టరికం కూడానా? ఈ మాట అబద్ధమని తేలితే బస్తా సంగతీ తేలుతుందనుకుంది.

మర్నాడు పాత ఇంగ్లీషు టీచరు రిచర్డ్ ఇంటికి పోయి అడిగింది. ఆయన లావుపాటి నిఘంటువు తెరిచి వేలు పెట్టి చూపించాడు.

"నిజమే రాహేలమ్మా. పుట్టుక తెలుగు అనే రాసిండ్రు."

"మాట నిజమైతే బస్తా గూడ నిజమైతదా సారూ?"

"ఏం బస్తా?"

ఇంటి గుట్టు వీధికెక్కుతుందని రాహేలు మాట దాటేసి లేచింది. కానీ మనసు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి నీళ్లపొయ్యి బూడిద జల్లెడ పట్టి, బస్తా చుట్టూ, గది గడప దాకా పలచగా చల్లింది. ఎవరు అడుగు పెట్టినా తెలిసిపోతుంది.

తెల్లారి చూస్తే బస్తా దగ్గర చిన్న చిన్న అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. గోడమూల బండ కింద నుంచి మన్ను తోడి పోసి ఉంది. రాహేలు గుండె తేలికపడింది. ఆ వెంటనే సిగ్గేసింది. కోడలు లేచేలోపు తుడిచేద్దామని చీపురు అందుకుంది.

ఆశ అప్పటికే గడప అవతల నిలబడి ఉంది. బూడిద తొక్కకుండా అక్కడే ఆగి, కింద చూస్తోంది.

"పందికొక్కు గోడమూలకెళ్లి వచ్చింది గదా అత్తమ్మా" అంది మెల్లగా. "మరి గడపల బూడిద ఎవరి కోసం చల్లినవ్?"