రెండోసారి తీసిన రక్తం

నాన్న రక్తంలో కొవ్వు సరిగ్గానే ఉంది. చక్కెరా సరిగ్గానే ఉంది. సీఆర్పీ ఒక్కటే ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది. అది మూడు దాటితే గుండె విషయంలో జాగ్రత్తపడమంటారు.

ముందు యంత్రాన్ని అనుమానించాను. పరీక్ష చేసింది నేను పనిచేసే ల్యాబులోనే కాబట్టి, నా చేత్తోనే మళ్లీ నడిపించాను. అదే అంకె. తర్వాత గొట్టం మీద అంటించిన చీటీని అనుమానించాను. ఎవరి రక్తమో తారుమారైందేమోనని, రెండు వారాలాగి నాన్న చేతిలోంచి నేనే తీశాను. ఈసారి ఏడు పాయింట్ ఒకటి. ఇక అనుమానించడానికి నాన్నే మిగిలాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఏ జబ్బు పేరు వినపడినా అందరూ నా ముఖంలోకే చూస్తారు.

"సీఆర్పీ అంటే ఏంటే?" అంది అమ్మ.

"ఒంట్లో ఎక్కడో పోరు జరుగుతోందని చెప్పే గుర్తమ్మా. మనల్ని కాపాడాల్సిన తెల్లకణాలు దేనిమీదో ఎగబడుతున్నాయి. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకుంటే దానిమీదా పడతాయి. అక్కడ కెలికి కెలికి పుండు చేస్తాయి. అది పగిలిందంటే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెపోటు వచ్చేది అలాగే."

"కాపలావాళ్లే ఇంటికి నిప్పు పెడతారన్నమాట," అన్నాడు నాన్న. "బాగుంది డాక్టరమ్మా నీ చదువు!"

"జోకులు చాలు. మళ్లీ సిగరెట్లు మొదలుపెట్టావా?"

"నీ మీద ఒట్టు."

అంత తొందరగా ఒట్టేసేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు చొక్కా వాసన చూశాను. జిగురు, చెమట. జేబులు తిరగేశాను. సుద్దముక్క, కొలత టేపు. ఆదివారం పొద్దున్నే, చెప్పకుండా కొట్టుకు వెళ్లాను.

నాన్న సోఫాలు కుట్టే మనిషి. తలుపు పక్కన నిలబడి చూశాను. ఒక పాత కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చారెడు సన్న మేకులు నోట్లో పోసుకున్నాడు. నాలుకతో ఒక్కొక్కటీ తిప్పి పెదవుల మధ్యకు తెస్తుంటే, అయస్కాంతపు సుత్తి దాన్ని అందుకుని ఒక్క దెబ్బకు బట్టను చెక్కకు బిగిస్తోంది. ఒక చెయ్యి బట్టను లాగి పట్టుకోవాలి, రెండోది సుత్తి వెయ్యాలి. మేకులు అందించేది నోరే. ముప్ఫై ఏళ్లుగా అదే పద్ధతి. కాసేపటికి మిగిలిన మేకులు గుడ్డలోకి ఉమ్మాడు. గుడ్డ ఎర్రబడింది.

"నోరు తెరువు నాన్నా."

"దొంగను పట్టినట్టు ఏంటే ఇది?"

"తెరువు!"

చిగుళ్లు వాచి, ముట్టుకుంటే రక్తం కారేలా ఉన్నాయి.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏమో. ఈమధ్య దవడ కూడా లాగుతోంది. మేకులు మానేయమంటావని చెప్పలేదు. డబ్బాలోంచి ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంటే రోజుకు ఒక కుర్చీ కూడా అవదు."

దొరికింది! చిగుళ్ల జబ్బు ముదిరితే సీఆర్పీ పెరుగుతుందని చదివాను. దవడ నొప్పి కూడా అందులో కలిసిపోయింది. పళ్ల డాక్టరు దగ్గర సోమవారానికి పేరు రాయించి, భోజనాల వేళకు నాన్నను వెంటబెట్టుకుని గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

విషయం విని అమ్మ వంటింట్లో కూర తరగడం ఆపింది.

"చిగుళ్ల నొప్పయితే తినేటప్పుడు కదా రావాలి?"

"రావట్లేదా?"

"లేదు. నిన్న ఎండు రొట్టె కరకరా నమిలారు, కిక్కురుమనలేదు. మెట్లెక్కితేనే దవడ పట్టుకుంటారు. రెండో అంతస్తు దగ్గరాగి చెప్పు సర్దుకుంటున్నట్టు వంగుతారు. ఎన్నిసార్లని జారుతుంది ఆ చెప్పు? కాసేపు నిలబడ్డాక మామూలైపోతారు."

మెట్లెక్కితే వచ్చి, ఆగితే పోయే నొప్పి పంటిది కాదు. గుండెనొప్పి దవడలోకి పాకుతుందని నేను చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

ముందుగదిలోకి పరిగెత్తాను. నాన్న కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

"దవడ ఇవాళ ఎన్నిసార్లు లాగింది?"

అమ్మ వైపు గుర్రుగా చూశాడు. "చాడీలు చెప్పేశావా?"

"ఎన్నిసార్లు నాన్నా?"

"నాలుగు." ఆగాడు. "నాలుగోది ఇందాక. ఇక్కడే, కూర్చుని ఉండగానే."

అంబులెన్సుకు ఫోన్ చేశాను. మెట్లు దిగనివ్వలేదు. వచ్చినవాళ్లు ఆయన్ను మోత కుర్చీలో కట్టి దింపుతుంటే, దాని రెక్సిన్ తడిమి, "ఎవడు కుట్టాడో గానీ అంచు మడవడం రాలేదు," అన్నాడు. అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఒక రక్తనాళం సన్నటి దారం పట్టేంతే మిగిలిందన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే స్టెంటు వేశారు.

"చిగుళ్లవల్లేనా?" అని అడిగాను.

"అదొక్కటే కారణమని చెప్పలేం. ఇక్కడ కుదుటపడ్డాక అదీ చూపించండి. ఇంకో రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే..." అని వాక్యం పూర్తి చేయకుండా వెళ్లిపోయాడు.

లోపలికి రానిచ్చాక మంచం పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

"లేదు తల్లీ. నిజం."

నేను నమ్మలేదు. ఆయన నిద్రపోయేదాకా దవడ వైపే చూస్తూ కూర్చున్నాను.