పదిహేడు బై నాలుగు

కాలరు అయింది, ఇక భుజాలు. మడత బాబాయి పోలీసు చొక్కాని బల్ల మూలకి తొడిగి, మూతకి చిల్లులు పొడిచిన సీసాతో నాలుగు చుక్కలు చిలకరించి, ఇస్త్రీపెట్టెని కుట్టు వెంబడి నడిపాడు. ఆవిరి మొహానికి కొట్టింది. పొద్దున ఏడు కూడా కాలేదు, అప్పటికే అది పదకొండో చొక్కా. స్టేషను బట్టలన్నీ ఇరవై నాలుగేళ్ళుగా ఆ కొట్టుకే వస్తున్నాయి. ఏ చొక్కా తొడుక్కున్నవాడు ఏ ఇంటి తలుపు తన్నాడో ఆయనకి గుర్తే. అయినా ఏ చొక్కాలోనూ ఒక్క ముడత మిగల్చడు. పనిలో ఆయనకి అంత పొగరు.

మనిషి చూడ్డానికి ఏమంత ఉండడు. అరవై రెండేళ్ళు. పెట్టె బరువుకి కుడి భుజం రెండంగుళాలు కిందికి దిగిపోయింది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చలు, కొన్ని నల్లగా, కొన్ని పాలిపోయి. రోజంతా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. బట్టల మిల్లు నడిచిన రోజుల్లో మడత విభాగంలో పద్దెనిమిదేళ్ళు తాన్లు మడతపెట్టాడు. పేటలో పొడుగు బాబాయి, చెవిటి బాబాయి అప్పటికే ఉన్నారు కాబట్టి ఈయన మడత బాబాయి అయ్యాడు. పిలిచేవాళ్ళకీ పలికేవాడికీ అసలు పేరుతో పని పడలేదు.

"ఎక్కడుంటావు?" తల ఎత్తకుండానే అడిగాడు.

షట్టరు దగ్గర నిలబడ్డ చిట్టి ఉలిక్కిపడింది. "పదిహేడు బై నాలుగు, మెయిన్ రోడ్డు."

"ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించి."

"ఆలోచించి చెప్పావు. ఆలోచించకూడదే. నిద్రలో లేపి అడిగినా అదే రావాలి."

చిట్టి బాబాయి పక్కింటి కుట్టుమిషనావిడ కూతురు. ఊళ్ళోకెల్లా పెద్ద ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో ఉద్యోగానికి పరీక్ష రాసింది, మొదటి పదిమందిలో వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. దరఖాస్తులో రాసిన చోట ఆ పిల్ల నిజంగా ఉంటోందా లేదా అని చూడ్డానికి ఆసుపత్రి మనిషి ఒకాయన ఇవాళ వస్తాడు. దరఖాస్తులో రాసింది ఈ ఇస్త్రీ కొట్టు నంబరు. చిట్టి ఉండేది మాత్రం మెయిన్ రోడ్డుని ఆనుకుని ఉన్న సందులోంచి వెళితే రెండో వరసలో, లోపల.

పేటని అక్కడివాళ్ళు 'లోపల' అనే అంటారు. దానికి మంచి పేరే ఉంది గాని, ఆ పేరుని పత్రికలవాళ్ళు పాడు చేశారు. ఒకప్పుడది మూడు వేలమంది మిల్లు కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్ళు. పొద్దున కూత కూస్తే సందులన్నీ మనుషులతో నిండిపోయేవి. యూనియన్ చదువుల గది ఒకటుండేది, అందులో ముసలివాళ్ళు సాయంత్రం పత్రిక పైకి చదివితే చదువు రానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. మిల్లు మూతపడింది. యజమానులు గేటుకి వెల్డింగు కొట్టించి చేతులు దులుపుకున్నారు. ఆ తరవాతి వేసవిలో రెండు ముఠాలు కొట్టుకున్నాయి, పదకొండు కొట్లు తగలబడ్డాయి, ముగ్గురు చచ్చిపోయారు. ఆ ముఠాల్లో ఒకటి అసలు లోపలిదే కాదు. ఆ సంగతి ఎవడూ రాయలేదు. పంతొమ్మిది రోజులు కర్ఫ్యూ పెట్టారు. అది ఎత్తేసేటప్పుడు చదువుల గదిని పోలీసు ఔట్‌పోస్టు చేశారు. పుస్తకాలు ఏమయ్యాయో అడిగినవాణ్ణి ఎగాదిగా చూశారు.

అప్పట్నించీ ఏదీ లోపలికి రాదు. గ్యాసు బండ రాదు, టాక్సీ రాదు, ఫ్రిజ్ బాగుచేసేవాడు సందు మొదట్లో నిలబడి ఇక్కడికి పట్టుకురండి అంటాడు. లోపలివాళ్ళు మాత్రం రోజూ తెల్లారకముందే బయటికెళ్ళి ఊరి నేలలు తుడవాలి, ఊరి బస్సులు నడపాలి, ఊరి రోగుల కింద పక్కలు మార్చాలి. అందుకు ఎవరికీ భయం లేదు. దరఖాస్తు మీద పేట పేరు కనిపిస్తేనే భయం. మొదటిసారి ఈ కొట్టు నంబరు వాడుకున్నది బాబాయి బావమరిది. అయిదు ఉద్యోగాలు పోయాక విసిగి బావ కొట్టు నంబరు రాశాడు, ఆరోది వచ్చింది. వచ్చాక బయట ఇల్లు తీసుకుని, లోపలికి తొంగి చూడ్డం మానేశాడు. "బావమరిది బుద్ధి" అని బాబాయి నవ్వేవాడు గాని, నంబరు మాత్రం అడిగినవాళ్ళందరికీ ఇచ్చాడు. ఇప్పుడు ఆరడుగుల కొట్టుకి మూడొందల ఇళ్ళ ఉత్తరాలొస్తాయి. పోస్టుమాను అన్నీ తెలిసే ఊరుకుంటాడు. లోపల పుట్టిన పిల్లలకి సొంత ఇంటి నంబరు కంటే ముందు పదిహేడు బై నాలుగు నోటికొస్తుంది. దాన్ని నోటికి పట్టించడం బాబాయి వంతు. కుళాయి దగ్గర, పాల కేంద్రం దగ్గర, ఎదురుపడ్డచోటల్లా హఠాత్తుగా అడుగుతాడు. తడుముకుంటే ఒప్పుకోడు.

కొట్టు వెనక బట్టల మూటలు పెట్టే చిన్న గది ఉంది. మూటలన్నీ బల్ల కిందికి తోసి, అందులో చిట్టి పుస్తకాలూ దువ్వెనా అద్దమూ సర్దారు. కుట్టుమిషనావిడ కూతురి చున్నీ ఒకటి తెచ్చి మేకుకి తగిలించింది. బాబాయి చూసి, మరీ శుభ్రంగా ఉందని దాన్ని తీసి నలిపి మళ్ళీ తగిలించాడు. జన్మలో బట్ట నలపడం ఇదే మొదలని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. చదువుకున్న పిల్ల, తల దించుకోవాల్సిన పని ఒక్కటీ చెయ్యని పిల్ల, తన ఇంటిని తనే దాచుకోవాల్సి వచ్చిందని ఆయనకి పొద్దుట్నించీ కడుపు మండుతూనే ఉంది.

ఆసుపత్రి మనిషి విచారణకి పదకొండింటికి వచ్చాడు. చేతిలో ఫైలు, ఒంటి మీద వీపంతా నలిగిన చొక్కా. గదిలోకి తొంగి చూసి ఫోటో తీసుకున్నాడు. చిట్టిని రెండు ప్రశ్నలు అడిగాడు, పిల్ల తడుముకోకుండా చెప్పింది. ఈ పిల్ల మీకేమవుతుందని బాబాయిని అడిగితే, మా అన్న కూతురండీ అన్నాడు. ఆయన ఇంకా ఏదో అడగబోతుంటే బాబాయి అడ్డుపడి, ఆ చొక్కాతో పెద్దవాళ్ళ ముందుకు ఎలా వెళతారండీ, ఇలా ఇవ్వండి, అయిదు నిమిషాలు, అన్నాడు. ఆయన మొహమాటపడుతూనే విప్పిచ్చాడు. ఊళ్ళోకెల్లా పెద్ద ఆసుపత్రి అధికారి బనీనుతో స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని సంతకం చేశాడు.

సంతకం అయ్యాక మనసు విప్పాడు. "మీరంటే పెద్దమనుషులు కాబట్టి చెబుతున్నా. ఆ లోపలివాళ్ళు ఈ మధ్య బయట అడ్రసులు ఇస్తున్నారట. జాగ్రత్తగా చూడమన్నారు."

"లోపలివాళ్ళని తెలిస్తే ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తాం, ఏమీ చెయ్యం. ఆ ఫైలు పక్కన పెట్టేస్తాం."

ఇస్త్రీపెట్టె చొక్కా వీపు మీద ఉంది. చెయ్యి ఒక్క నిమిషం ఆపితే చాలు, వీపు మీద పెట్టె ఆకారంలో బొగ్గయిపోతుంది. బాబాయి చెయ్యి ఆపలేదు. కాలరు, భుజాలు, చేతులు, అన్నీ పద్ధతి ప్రకారం చేసి, మడతపెట్టి రెండు చేతులతో అందించాడు. ఆ అధికారి వెళ్ళాక బాబాయి చాలాసేపు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కాల్చనందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యమేసింది. మధ్యాహ్నం భార్య అన్నం పంపిస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. గుండెల్లో మంటగా ఉంటే కోపం వల్లే అనుకున్నాడు.

నాలుగు గంటలకి చిట్టి ఫోనుకి కబురొచ్చింది. సోమవారం చేరాలి. పరుగెత్తుకొచ్చి చెబితే బాబాయి తల ఊపాడు.

"జీతం చేతికొచ్చే దాకా ఒళ్ళు దగ్గర పెట్టుకో. ఎవరడిగినా అదే నంబరు. చేరాక కూడా అడుగుతారు," అన్నాడు.

"ఎన్నాళ్ళు బాబాయ్ ఇలా?" అంది చిట్టి.

ఆయన నోటిదాకా వచ్చిన జవాబు ఆడపిల్ల ముందు అనదగ్గది కాదు.

ఆ సాయంత్రం ఆరున్నరకే షట్టరు దించేశాడు. సందులో మనిషికి మనిషి తప్పుకుంటూ నడిచాడు. మంగలి కొట్టు ముందు క్యారమ్స్ ఆట నడుస్తోంది, ఆడేవాళ్ళ కంటే సలహాలిచ్చేవాళ్ళే ఎక్కువ. ఔట్‌పోస్టులో ఇద్దరు కానిస్టేబుళ్ళు టీవీ చూస్తున్నారు. పొద్దున ఆయన ఇస్త్రీ చేసిన చొక్కాలే, గీతలు ఇంకా చెదరలేదు. ఇంటి మెట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కోబోయాడు. చెంబు చేతిలోంచి జారింది. భార్య వచ్చేసరికి చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది, ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది.

ఆవిడ కేకకి చిట్టి ఉన్నపళంగా వచ్చింది. నాడి చూసింది, గబగబా అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఏమైందో చెప్పింది, వయసు చెప్పింది. అడ్రసు అడిగారు. తడుముకోలేదు.

"పదిహేడు బై నాలుగు, మెయిన్ రోడ్డు."

చుట్టూ పదిమంది ఉన్నారు, పదిమందీ విన్నారు. ఒక్కరికీ తప్పు వినిపించలేదు. వాళ్ళందరి నోటికీ అదే వచ్చేది.

పన్నెండు నిమిషాల తరవాత ఫోన్ మోగింది. డ్రైవరు విసుక్కుంటున్నాడు. షట్టరు వేసి ఉంది, ఎంత కొట్టినా పలికేవాళ్ళు లేరు, మీకు ఇది వేళాకోళంగా ఉందా అని అడిగాడు. తను చెప్పింది కొట్టు నంబరని చిట్టికి అప్పుడు తట్టింది. నేను తప్పు చెప్పానండీ, మేం లోపల, రెండో వరస, సందులోంచి తిన్నగా రండి, అంది.

"లోపలికి మేం రామండీ. రూలు ఒప్పుకోదు. పోలీసు బండి ముందుంటేనే రావాలి," అన్నాడు డ్రైవరు.

అంటే ముందే నిజం చెప్పినా వచ్చేవాళ్ళు కాదు. ఎవరో ఔట్‌పోస్టుకి పరుగెత్తారు. కానిస్టేబుళ్ళు పాపం లేచి నిలబడ్డారు, స్టేషనుకి ఫోన్ కూడా చేశారు. బండి ఎక్కడో ఉందట, కనుక్కుని చెబుతామన్నారట. ఊరంతటికీ రూళ్ళే, మనిషి గుండెకి మాత్రం రూలు తెలియలేదు. ఇక వాళ్ళనీ వీళ్ళనీ నమ్మి లాభం లేదని మంగలి తన కొట్టు ముందున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. నీలం రంగుది. బాబాయిని అందులో కూర్చోబెట్టి తువ్వాలుతో నడుముకి కట్టి నలుగురు ఎత్తారు. ఆయన తల వాలిపోకుండా చిట్టి పట్టుకుంది, ఆయన భార్యా కుట్టుమిషనావిడా వెనకే నడిచారు. సందు మలుపుల్లో కుర్చీ పట్టలేదు, ఏటవాలుగా తిప్పి దాటించాల్సి వచ్చింది. జనం గోడలకి అతుక్కుని దారిచ్చారు. మూడో మలుపు దగ్గర ఆయన ఏదో అడిగాడు. చిట్టి వంగింది.

"చేరేది ఎప్పుడన్నావు?"

"సోమవారం, బాబాయ్."

ఆయన తల ఊపినట్టే అనిపించింది. మెయిన్ రోడ్డు వెలుతురులోకి వచ్చేసరికి ఆ తల పూర్తిగా చిట్టి చేతి మీద వాలిపోయి ఉంది. ఏ మలుపులో ప్రాణం పోయిందో మోసిన నలుగురిలో ఎవరికీ తెలియలేదు.

అంబులెన్సు కొట్టు ముందే ఆగి ఉంది, దీపం తిరుగుతోంది. నర్సు మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది, కనురెప్ప ఎత్తి చూసింది, స్ట్రెచర్ మీదికి మార్చి ఛాతీ నొక్కింది. తరవాత గడియారం చూసుకుని కాగితాల అట్ట తీసింది. బాబాయి భార్య రోడ్డు మీదే కూలబడింది. అంబులెన్సు తలుపు మీద, కాగితం మీద ఉన్నది ఒకే పేరు. చిట్టి సోమవారం చేరాల్సిన ఆసుపత్రి పేరు.

"పేషెంటు ఉండేది ఎక్కడ?" అంది నర్సు.

కుట్టుమిషనావిడ కూతురి చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ నొక్కడానికి అర్థమేమిటో చిట్టికి తెలుసు. వెనకే షట్టరు ఉంది, షట్టరు మీద నంబరూ ఉంది. చూసి రాసుకోమన్నా సరిపోయేది.

చిట్టి తన చెయ్యి విడిపించుకుంది. పేట పేరు చెప్పింది. పత్రికలు పాడు చేసిన ఆ పేరు మొత్తం చెప్పింది. వరస నంబరు, ఇంటి నంబరు చెప్పింది. నర్సు కలం ఆగింది. సరిగ్గా వినిపించలేదేమోనని చిట్టి ఒక్కొక్క అక్షరం విడదీసి మళ్ళీ చెప్పింది. గొంతు తగ్గించలేదు.

"ఫోన్ చేసిందెవరు?"

"నేనే." పేరు చెప్పింది.

"మీ అడ్రసు?"

"ఆయన పక్కిల్లే. అక్కడే పుట్టాను. అదీ రాసుకోండి."

నర్సు రాసుకుంది. సంతకం పెట్టమంటే చిట్టి పెట్టింది. ఆయన భార్యనీ కుట్టుమిషనావిడనీ లోపల ఎక్కించుకుని తలుపులు వేశారు. చిట్టికి చోటు లేదన్నారు. బండి కదిలి వెళ్ళిపోయింది, వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే సందులోకి మళ్ళారు. మంగలి తన కుర్చీ కోసం వెనక్కి రాలేదు. మూసిన షట్టరు ముందు, ఫుట్‌పాత్ మీద, విప్పిన తువ్వాలు వేలాడుతూ ఆ నీలం కుర్చీ రోడ్డు వైపు తిరిగి ఉంది.