జేబుల బోర్డు

1986 జనవరి ఇరవై ఆరు, ఆదివారం. ఆ మధ్యాహ్నం శంకర్రావు తిన్నది జొన్నరొట్టె, వేయించిన బొంబిల్ చేపలు. ఆ తేదీ ఆయనకు గుర్తుండిపోవడానికి జెండా పండుగ కారణం కాదు. చెయ్యి కడుక్కుని గది ముందరి గ్యాలరీలోకి వచ్చి కిందికి చూస్తే, వరసగదుల చాల్ గేటు పక్కనున్న తన బోర్డు ముందు మంగళ స్టూలెక్కి నిలబడి ఉంది. తిన్న చేప నోట్లోనే చేదెక్కింది.

బోర్డంటే గోడకు బిగించిన నల్లబల్ల. వానకు తడవకుండా చుట్టూ చెక్క చట్రం, ముందు రెండు తలుపులు. బొంబాయి కామాటిపురలోని ఆ గల్లీలో తెలుగువాళ్లకు ఏ సంగతి తెలియాలన్నా అదే దిక్కు. నల్లా ఎప్పుడొస్తుంది, ఏ మేస్త్రీకి మనుషులు కావాలి, ఎవరింట్లో పెళ్లి, ఎక్కడ భజన, అన్నీ దాని మీదే. ఎవరికేం రాయించుకోవాలని ఉన్నా శంకర్రావుకు చెప్పుకోవాలి. ఆయన గ్రాంట్ రోడ్ దగ్గర ఒక కొట్లో గుమాస్తా. సాయంత్రం పని నుంచి వచ్చి, చొక్కా చేతులు మడిచి, సుద్దముక్క పట్టుకునేవాడు. వెనకాల జనం మూగేవారు. ముత్యాలు పేర్చినట్టుండేది ఆయన రాత. ఎవరి మాట పైన ఉండాలో, ఎవరిది రెండు ముక్కల్లో తేల్చాలో ఆయన ఇష్టం. పెళ్లివాళ్లు లడ్డూ ముందు నీకిచ్చి, తర్వాతనే దేవునికి పెడుతున్నారని ఆయన భార్య శాంతాబాయి ఎగతాళి చేసేది.

మంగళ మునిసిపాలిటీ తెలుగు బడిలో ఒకటో తరగతి టీచరు. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి బడిలో జేబులు కుట్టిన గుడ్డ ఒకటి వేలాడదీసి, అందులో అట్టముక్కలు దోపుతారు. అలాంటిదే బోర్డంత గుడ్డ కుట్టి తెచ్చింది. చాల్‌కు పెద్దమనిషైన పెద్దయ్య సరేనన్నాడు. ఒక్కో జేబు మీద ఒక్కో బొమ్మ దారంతో కుట్టి ఉంది. నీళ్లకు బిందె, కూలిపనికి తాపీ, పెళ్లికి బాసింగం, భజనకు తాళాలు, చావుకు దీపం. చదువు రానివాళ్లు బొమ్మను బట్టి పోల్చుకుంటారు. కింద రేకు డబ్బాలో ఖాళీ అట్టలు. ఎవరి సంగతి వాళ్లే అట్ట మీద రాసి, ఆ బొమ్మ జేబులో పెట్టుకోవాలి. పని తీరాక వాళ్లే తీసెయ్యాలి. జేబుల వరసను మాత్రం ఎవరూ కదపకూడదు.

"గంతే మామా," అంది మంగళ తల పైకెత్తి. "ఇగ ఎవరైనా రాసుకోవచ్చు. నీకు రోజూ తిప్పలుండది."

ఆ తిప్పల కోసమే మామ సాయంత్రం దాకా ఎదురుచూస్తాడని ఆమెకు ఎవరు చెప్పాలి? రాత్రిపూట తలుపులు మూయడానికి తాళంచెవి నువ్వే ఉంచుకో అని కూడా అంది. నేనేమన్నా వాచ్‌మన్‌నా అని శంకర్రావు లోపలికి పోయాడు. అప్పటినుంచి పొద్దున్నే తెరవడం, రాత్రి మూయడం ఆమే చూసుకునేది.

ఆయన కళ్లు మాత్రం బోర్డును వదల్లేదు. వంకర టింకర రాతలు, సగం మరాఠీలో, నూనె మరకలతో అట్టలు. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. అంతకంటే మండించేది ఇంకొకటుంది. నల్లా వేళ మారితే ఆ మాట పొద్దున్నే జేబులోకి వచ్చేస్తోంది. ఆయన కాలంలో అయితే సాయంత్రం ఆయన వచ్చి రాసేసరికి నీళ్లు వచ్చి పోయేవి కూడా. అది తనకూ తెలుసు. జనం మంగళ చుట్టూ చేరి నవ్వుతూ అట్టలు దోపుకోవడం చూడలేక, ఇంటికి ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా చుట్టు తిరిగి, వెనక మెట్లెక్కి రావడం మొదలుపెట్టాడు.

"ఇంట్లకు సవతి వచ్చినట్టు చూస్తున్నవ్ ఆ గుడ్డ దిక్కు," అంది శాంతాబాయి రొట్టె తిప్పుతూ. "సవతి నాకు రావాలె గాని నీకొచ్చింది."

అయితే ఒక సంగతి మంగళకు తెలియదు. దాన్ని శంకర్రావు బెల్లంముక్కలా బుగ్గన దాచుకున్నాడు. గల్లీలో ఎవరైనా పోతే ఆయన బోర్డంతా తుడిచేసేవాడు. నల్లా, పెళ్లి, కూలి, ఏదీ మిగలనిచ్చేవాడు కాదు. నట్టనడుమ ఒక్క పేరు రాసి ఊరుకునేవాడు. శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేసేదాకా ఇంకేమీ రాసేవాడు కాదు. ఖాళీ బోర్డు దూరం నుంచే కనబడేది. అక్షరం ముక్క రానివాడు కూడా ఆగి, ఎవరు పోయారని అడిగేవాడు. ఇలా చెయ్యాలని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు చావు రాకమానదు, అప్పుడు తెలుస్తుంది ఈ జేబుల గొప్ప అనుకున్నాడు.

హోళీ ముందు ఆ చావు వచ్చింది. పోయింది గంగవ్వ. చాల్ కింది వరసలో, బోర్డుకు ఎదురుగా చివరి గదిలో ఉండే ముసలామె. కరెంటు పోయిన సాయంత్రాల్లో శంకర్రావు రాస్తుంటే పక్కన లాంతరు ఎత్తి పట్టుకునేది. చెయ్యి వణికినా దించేది కాదు. తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయిందని కొడుకు ఎల్లయ్య వచ్చి చెప్పాడు. అట్ట మీద తల్లి పేరు రాసి, దీపం జేబులో పెట్టి, పాడె ఏర్పాట్లకు పరుగెత్తాడు.

శంకర్రావు చాయ్ గ్లాసుతో గ్యాలరీలో నిలబడి చూశాడు. గుడ్డ కింది మూలన గంగవ్వ పేరు. దాని పైన ఎవరిదో పసుపు దంచే వేడుక, భజన, మేస్త్రీకి కావాల్సిన మనుషులు. దుఃఖం ముంచుకొచ్చింది. దాని వెనకే, సిగ్గులేకుండా, ఒక సంతోషం కూడా తొంగిచూసింది. మంగళ రానీ, నలుగురూ చేరనీ, అందరి ముందే అంటాను అనుకున్నాడు.

ముందు వచ్చింది యాదయ్య. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కూలీ, చదువు రాదు, నాలుగు గల్లీల అవతల ఉంటాడు. రోజూ పొద్దున బోర్డు చూసుకుని పనికి పోతాడు. కిందటేడు కామెర్లతో పడి ఉంటే గంగవ్వ పొద్దూ మాపూ గంజి పోసి బతికించింది. అవ్వా అని నోరారా పిలిచేది వాడొక్కడే. యాదయ్య తాపీ బొమ్మ జేబు చూశాడు, అట్ట ఉంది. దీపం బొమ్మ వైపు కూడా చూశాడు, దాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. సద్ది మూట భుజాన వేసుకుని నడిచాడు.

వాడు తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికి గంగవ్వ బూడిదే మిగులుతుంది.

శంకర్రావు లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు వాణ్ని పిలిస్తే గుడ్డ తప్పు ఎవరికీ తెలియకుండానే ఆగిపోతుంది. పిలవకపోతే రేపు గల్లీ అంతా మంగళను అడుగుతుంది, బోర్డు మళ్లీ తన చేతికొస్తుంది. ఆ లెక్క బుర్రలో పూర్తికాకముందే గ్లాసు కటకటాల మీద పెట్టి, బనియన్ మీద అంగోస్త్రంతోనే మెట్లు దిగి పరుగెత్తాడు.

బస్‌స్టాపులో యాదయ్య భుజం పట్టుకున్నాడు. ఆయాసంతో ఎలా చెప్పాడో ఆయనకే తెలియదు. యాదయ్య మూట జారి కింద పడింది.

"బోర్డు నిండా ఉండె గద అన్నా," అన్నాడు వాడు చివరికి. "దీపం జూసి ఏదో పూజ అనుకున్న. మొక్కిన గూడ."

ఇద్దరూ వెనక్కి వచ్చేసరికి మంగళ గేటు దగ్గర ఉంది. శంకర్రావు ఆమెతో ఏమీ అనకుండా గుడ్డను మేకుల నుంచి తీశాడు. వెనక నల్లబల్ల అలాగే ఉంది. జనవరిలో తాను రాసిన చివరి వరసలు కూడా చెరగకుండా ఉన్నాయి. ఆ పిల్ల వాటి మీద చెయ్యి కూడా పెట్టలేదు. ఆయన అంగోస్త్రం తడిపి అంతా తుడిచి, నడుమ గంగవ్వ అని రాశాడు. గల్లీలో పోయేవాళ్లు ఆగడం మొదలైంది.

మంగళకు అర్థమైంది. "గీ సంగతి నాకెవరు చెప్పలే మామా."

"నేనే చెప్పలే."

ఎందుకని ఆమె అడగలేదు. అడగనందుకు ఆయన మనసులోనే దండం పెట్టుకున్నాడు.

యాదయ్య పాడె మోశాడు. స్నానాలయ్యాక, దీపాలు పెట్టేవేళకు మంగళ మడిచిన గుడ్డ పట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చింది. రేపు పొద్దున నల్లా వేళ మారుతుందట, గుడ్డ మళ్లీ తగిలించక తప్పదు. ఎవరైనా పోతే ఇకమీద గుడ్డనే తీసేద్దాం, పేరు నువ్వే రాయాలె అంది. శంకర్రావు తలూపాడు. అంతలోనే ముగ్గురాడవాళ్లు అట్టలు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. ఆయనవైపు ఒక్కరూ చూడలేదు. పొద్దున్నుంచి అణిగి ఉన్న ముల్లు మళ్లీ కలుక్కుమంది.

వాళ్లు పోయాక, "పేరు చెరపనా మామా?" అంది మంగళ.

"ఉండనియ్. వెనక ఉంటది."

గుడ్డ రెండో కొస ఆయనే అందుకుని మేకుకు తగిలించాడు. తన రాత గుడ్డ వెనకకు పోవడం చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెయ్యి చాపాడు. మంగళ తాళంచెవి ఆ చేతిలో పెట్టి, బడి పిల్లల పలకలు దిద్దుకోవాలని వెళ్లిపోయింది.

ఎడమ తలుపు కిర్రుమంటుందని ఆయనకు తెలుసు. గంగవ్వ గది ఎదురుగానే ఉంది, లోపల ఎల్లయ్యకు ఇప్పుడే కునుకు పట్టింది. శంకర్రావు ఆ తలుపును కాస్త పైకెత్తి పట్టి, చప్పుడు కాకుండా మూశాడు.