పట్టని ఎడమకాలు

మా కాలేజీలో టోబిన్‌తో కుస్తీ పట్టగల మనిషి మా ఆయన లోనీ ఒక్కడే. అసిస్టెంట్ కోచ్ అంటే అక్కడ అదే అర్థం. కుస్తీ జట్టులో టోబిన్‌ది అన్నిటికంటే ఎక్కువ బరువు విభాగం. అంత బరువున్న మరో కుర్రాణ్ణి తెచ్చుకునే స్తోమత నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ చిన్న కాలేజీకి లేదు. కాబట్టి చలికాలమంతా రోజూ ఆ కుర్రాడు ఎత్తి పడేయడానికి లోనీ ఉండాలి. లోనీకి ముప్పై ఆరేళ్లు.

కాలేజీ ఇచ్చేది సగం ఉద్యోగం, సగం జీతం. దానికి తోడు మగపిల్లల హాస్టల్లో వార్డెన్ పని చేస్తున్నందుకు రెండు గదులు, మెస్సులో మా ఇద్దరికీ భోజనం. సగం ఉద్యోగులకు ఆరోగ్య బీమా ఉండదు. అందుకే డిసెంబరులో ఎడమ మోకాలు కలుక్కుమంటే లోనీ నాకు కూడా చెప్పలేదు. హాస్టల్ మెట్లు వెనక్కి తిరిగి దిగుతుంటే నేనే కనిపెట్టాను.

"స్ట్రాండ్‌కి చెప్పు," అన్నాను. స్ట్రాండ్ హెడ్ కోచ్.

"చెప్తే? కుస్తీ పట్టలేని అసిస్టెంట్‌ని ఊరగాయ పెట్టుకుంటాడా?"

"మరి కాలు?"

"మార్చిలో పోటీలు అయిపోయేదాకా లాక్కొస్తే చాలు. ఈ గదులు పోతే ఎక్కడుంటాం, జెనెల్?"

జట్టు బట్టలు ఉతికేది నేనే. దానికి జీతం ఊసే లేదు. సాధన జరుగుతుంటే గోడవార కూర్చుని తువ్వాళ్లు మడతపెట్టేదాన్ని. ఒకరోజు టోబిన్ ఎడమకాలు పట్టి లేపబోతే లోనీ నోటివెంట ఒక మూలుగు వచ్చింది. టోబిన్ చటుక్కున వదిలేశాడు. లోనీ ముఖంలోకి చూశాడు. ఆ రోజు నుంచి వాడి చెయ్యి ఆ కాలి జోలికి పోలేదు.

"ఏరా టోబిన్, ఆ ఎడమకాలు నీకు చుట్టమా? ముట్టుకోవేం?" అని స్ట్రాండ్ ఎత్తిపొడిచాడు.

"కుడిది దొరికింది కోచ్."

లోనీ బూటు తాడు కట్టుకునే నెపంతో తల వంచుకున్నాడు. ఆ పిల్లాణ్ణి దేవుడు చల్లగా చూడాలని నేను మనసులో మొక్కుకున్నాను.

ఫిబ్రవరి చివర పక్క రాష్ట్రం అయోవాలో ప్రాంతీయ పోటీలు జరిగాయి. టోబిన్‌కి అదే ఆఖరి ఏడాది. గెలిస్తే జాతీయ పోటీలకు వెళ్తాడు. చివరి కుస్తీలో ఒక్క పాయింటు వెనకబడ్డాడు. ఎదుటివాడు అలిసిపోయి, ఎడమకాలు ముందుకు పెట్టి గుంజలా నిలబడిపోయాడు. గ్యాలరీ మెట్లమీద కూర్చున్న నాకు కూడా ఆ కాలు కనబడింది.

"ఎడమది! ఎడమది పట్టరా!" స్ట్రాండ్ గొంతు చించుకున్నాడు.

టోబిన్ చెయ్యి అటు వెళ్లింది. సగంలో ఆగి, కుడికాలి వైపు మళ్లింది. ఎదుటివాడు తప్పుకున్నాడు. ఆట ముగిసిన గంట మోగింది.

నేను కిందికి దిగి వెళ్లేసరికి స్ట్రాండ్ తువ్వాలు విసిరికొట్టాడు. "ఇన్నాళ్లు నేర్పిందంతా మరిచిపోయాడు, వెధవ!"

"మరిచిపోలేదు. నా దగ్గర నేర్చుకున్నదే చేశాడు," అంటూ లోనీ ప్యాంటు పైకి లాగి, వాచిన మోకాలు చూపించాడు.

స్ట్రాండ్ వంగి మోకాలు చూశాడు. "ఎప్పట్నుంచి?"

"డిసెంబరు."

"పూర్తి మనిషిని ఇవ్వండ్రా అని ఏటా కాలేజీవాళ్లని దేబిరిస్తాను. సగం మనిషిని ఇస్తారు." స్ట్రాండ్ గొంతు తగ్గింది. "నేను కాలేజీకి చెప్పక తప్పదు, లోనీ."

"తెలుసు. చెప్పు."

తిరుగు ప్రయాణంలో బస్సు స్ట్రాండే నడిపాడు. టోబిన్ వచ్చి మా సీటు పక్కన నిలబడ్డాడు.

"నా చెయ్యి ఎడమకాలి మీదికి పోలేదు కోచ్. పొమ్మన్నా పోలేదు."

"తప్పు నీది కాదురా. వెళ్లి కూర్చో."

వాడు వెళ్లలేదు. నడవలోనే కింద చతికిలబడ్డాడు. లోనీ కాలు చాపుకోవడానికి చోటు వదిలి, అంత పెద్ద ఒళ్లూ ఒక పక్కకి ముడుచుకుని కూర్చున్నాడు. ఊరు వచ్చేదాకా లోనీ ఆ చోటులోకి కాలు చాపలేదు.