అంటని జబ్బు

పచ్చిమిరపకాయలు నూరిన చేతులతోనే తడి బొరుగులు పిండుతుంటే, పొట్టు రాలే మచ్చల మధ్య చౌడేశ్వరి అరచేతి పగుళ్లు భగ్గుమన్నాయి. పక్కన గల్లాపెట్టె ముందు కూర్చున్న మొగుడు నాగేశ్వర గొంతు తగ్గించి, "చేతులకు కవర్లు తొడుక్కోవే. గిరాకీ చూస్తాండారు" అన్నాడు. మంటగా ఉందా అని మాత్రం అడగలేదు. పుట్టపర్తి బస్టాండు దగ్గర, ఇంటి ముందరే, ఆ ఉగ్గాని టిఫిను బండి నడిచేది ఆయన పేరు మీద, ఆమె ఒంటి మీద.

ఇవే మచ్చలు, ఇలాగే రాలే పొట్టు అమ్మకూ ఉండేవి. నాయన పోయాక ఆ తల్లి, నల్లమ్మ, పెద్దకూతురు చౌడేశ్వరి పంచకు చేరింది. వారం తిరక్కముందే నాగేశ్వర, "మీయమ్మ ఒంటి పొట్టు పిండిలో పడితే మన యాపారం మన్నే. ఎనక రేకులషెడ్డులో పండుకోమను" అన్నాడు. అనడంతో ఆయన పని అయిపోయింది. షెడ్డు ఊడ్చి చాప పరిచింది, పళ్లెం వేరు చేసింది, "అంటుకుంటాదంటమ్మా" అని తల్లి ముఖం చూడకుండా చెప్పింది చౌడేశ్వరే. ఇంటెడు చాకిరీతో పాటు ఆ పాపమూ ఆమె వంతుకే వచ్చింది.

ఒకరోజు నల్లమ్మ షెడ్డులోంచి పిలిచి, "రొమ్ములో పట్టేసినట్టుండాది పాపా" అంది. గిరాకీ వదిలి వెళ్లలేక, చౌడేశ్వరి గ్యాసేలే అని సోడా పంపించింది. పని తెమిలి వెళ్లేసరికి ప్రాణం లేదు. నిద్దర్లో పోయిందని చెప్పమన్నాడు నాగేశ్వర. నల్లమాడ నుంచి వచ్చిన చెల్లెలు మహేశ్వరికీ ఆమె అదే చెప్పింది. షెడ్డు చూసిన మహేశ్వరి ఆనాటి నుంచి అక్కతో మాట్లాడలేదు.

నిన్న అనంతపురంలో డాక్టరమ్మ ఆమె మచ్చలు చూసి సోరియాసిస్ అంది. "ఇది అంటుకోదమ్మా. వంశంలో వచ్చే గుణం. గుండెజబ్బుకూ దీనికీ జన్యువుల్లోనే కొంత చుట్టరికం ఉంది. అందరికీ రావాలని లేదు గానీ, మీరూ మీ తోబుట్టువులూ గుండె చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఛాతీనొప్పి వచ్చిందా?"

చౌడేశ్వరి లేదని తల ఊపింది. బస్సులో ఇంటిదాకా కుమిలిపోయింది. తెలియక చేశానని ఎంత చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. మహేశ్వరి మోచేతుల మీదా అవే మచ్చలున్నాయి.

"చెల్లెలికి చెప్పల్ల" అంది ఇప్పుడు, బొరుగులు పక్కకు జరిపి.

"అమ్మ సంగతి తవ్వుకుంటే నీ మొగమే చెడ్తాది. నోరుమూసుకోని పని చూడు."

ఇన్నేళ్లూ ఆయన ఒక మాట అంటే ఆమె అది చేసి పెట్టింది. ఈసారి ఆయన ఎదుటే ఫోను చేసింది.

"మహేశా, పెట్టేయొద్దు. అమ్మది అంటుజబ్బు కాదంట. అది గుండెకూ వస్తాదంట, నువ్వు చూపిచ్చుకోవల్ల."

"గుండె ఏందక్కా? అమ్మ నిద్దర్లో కదా పోయింది?"

నాగేశ్వర వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

"లేదు మహేశా. నన్ను పిలిచింది. నేనే పోలేదు."