చెంచయ్య ఆపించిన బావి

మంద ముందు నడుస్తున్నవాడు చెంచయ్యే. వెనక నుంచి చూసినా మాలకొండయ్యకు అనుమానం లేదు. ఏళ్ల తరబడి రాళ్లసంచి మోసి మోసి తమ్ముడి కుడిభుజం కిందికి వాలిపోయింది, ఆ వాలు లోకంలో ఇంకొకరికి లేదు. తెల్లటి ఆవులు మంచు కదిలినట్టు కదులుతున్నాయి, గిట్టల చప్పుడు లేదు, మెడలో గంటలు ఊగుతున్నాయి గాని మోగడం లేదు. బీడు తమ బీడే, అయినా నేల తడిసిన గోనెపట్టాలా కాళ్లకింద దిగబడుతోంది, కొండ ఉండాల్సిన చోట లేదు, కాసేపటికి ఎడమపక్కన ఉంది, చూస్తుండగానే వెనక్కి పోయి మందతోపాటు నడిచొస్తోంది. చెంచయ్య చనిపోయాడని మాలకొండయ్యకు తెలుసు. పాడె మోసిన భుజం ఇంకా సలుపుతూనే ఉంది. కానీ ఎదురుగా నడుస్తున్న మనిషిని పట్టుకుని చచ్చిపోయావు గదరా అనడం మర్యాదగా తోచక ఆయన ఆ మాట ఎత్తడు. ఎత్తాల్సిన మాట ఇంకొకటి ఉంది, దానికి పొద్దు చాలేట్టు లేదు.

"చెంచయ్యా, ఆగరా."

"మంద ఆగదన్నా. నడుస్తా అడుగు."

అడగాల్సింది బావి సంగతి. చెంచయ్యే గుర్తు పెట్టి, చెంచయ్యే తవ్వించి, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పనివాళ్లను పైకి రమ్మని, ఎందుకో ఎవరికీ చెప్పకుండా ఆపించిన బావి. ఇప్పుడు అందులో తేమ కూడా లేదు, మంద నాలుకలు చాపి నిలబడుతోంది. ఎండ తగ్గాక మేస్త్రీ మనుషులతో వస్తానన్నాడు, చెంచయ్య పెద్దకూతురు శైలజ వాళ్లతోపాటు తనూ గునపం పట్టి దిగుతానంటోంది, "మా నాయన పెట్టిన గుర్తు తప్పదు, ఇంకాస్త లోతు పోతే జల పడుద్ది" అని ఒకటే పట్టు. ఇంటికి పెద్దవాడని పెదనాయన మాట కోసం ఆగింది, అంతే. దిగమనాలా, వద్దనాలా? ఇదంతా మాలకొండయ్య అనాలనుకున్నది. ఆయన పుట్టినప్పటి నుంచీ మాట పొదుపు మనిషి. బళ్లో మూడేళ్లు కూర్చున్నా అయ్యవారు ఆయన గొంతు ఎరగరు. కలలో మాత్రం నోరు ఎక్కడ పెగులుతుంది?

"బావి ఎందుకాపావు?" అని ఊరుకుంటాడు.

చెంచయ్య తిరిగి చూసి నవ్వుతాడు. మీసం మీద రాతిపొడి. "నీ అంతట నువ్వే నన్ను పలకరిస్తావని తెలిస్తే ముందే చచ్చేవాణ్ని గదన్నా! గౌరి ఈనిందా?"

"ఈనింది. పెయ్యదూడ."

"మాయ పడిందా?"

"పడింది."

"ఎవరు దగ్గరున్నారు?"

"నీ కూతురే."

"చూడు మరి. నా చెయ్యి పడితేగాని అది ఈనదని ఊరంతా చెప్పుకు తిరిగా." ఆ నవ్వు కాస్త తగ్గుతుంది. "నేను లేకపోయినా ఈనిందన్నమాట."

"బావి సంగతి అడిగా."

"కూచోన్నా, కాళ్లు నొప్పులు పుట్టవూ?" అంటాడు చెంచయ్య, అనగానే కింద పీట ఉంది, బీడు చెంచయ్య ఇంటి వంటగది అయి ఉంది, ఆవులు గోడలోకి పోయి సున్నంలో కలిసిపోయాయి. మూలన ఊరగాయ జాడీ, దాని మూత మీద బరువుకు పెట్టిన నల్లరాయి. ఏ కొండ కడుపులోంచో తెచ్చి, పత్తిలో చుట్టి దాచుకుంటే, భార్య వజ్రమ్మ పత్తి వత్తులకు తీసుకుని, రాయి జాడీకి పెట్టిందని చెంచయ్య ఎన్నిసార్లు చెప్పి నవ్వాడో. భూగర్భశాస్త్రం చదివి, కొండల్లో గుడారాలు వేసుకుని సుత్తితో తిరిగిన సర్కారు ఉద్యోగస్తుడు; ఇంట వజ్రం పెట్టుకుని కొండల్లో ఏం వెతుకుతావురా అని అత్తగారు ఎగతాళి పట్టించేది. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లను అడిగే దిక్కులేక ఊళ్లో అందరూ పశువుల్ని తెగనమ్ముకుంటున్న రోజుల్లో, నాయన మంద కూడా సంతకు పోతుందని తెలిసి ఉద్యోగం వదిలేసి వచ్చాడు, కోడి కూయకముందే పేడకళ్లు ఎత్తాడు, చొప్ప నరికాడు, తుపానులో ఏరు పొంగితే దూడను మెడమీద వేసుకుని గట్టు చేరాడు, దీపం పెట్టేవేళకు కాళ్లు కడుక్కుని ఇద్దరు ఆడపిల్లల్నీ చెరో మోకాలి మీద కూచోబెట్టుకుని రాళ్ల కథలు చెప్పాడు. పెద్దదానికి శైలజ అని పేరు పెట్టి, రెండోదానికి అభ్రకం అని పెడతానంటే వజ్రమ్మ చీపురు తీసింది. ఊరు ఆయన్ని రాళ్ల డాక్టరు అంది. ఎవరు బావి తవ్వాలన్నా ముందు ఆయన వచ్చి పొలం చుట్టూ నడవాలి, రాయి పగలగొట్టాలి, నాకి ఉమ్మాలి, అప్పుడు మడమతో నేల మీద గీత గీయాలి. గీసినచోట నీళ్లు పడ్డాయి. ఎవరి పొలంలోనైనా పడ్డాయి.

"మాట తప్పించకు," అంటాడు మాలకొండయ్య. గొంతు తనదిలా లేదు, పెద్దదిగా ఉంది. "నీ కూతురు దిగుతానంటంది."

చెంచయ్య జాడీ మీద రాయిని చూస్తూ ఉంటాడు. వంటగది నేల మెల్లగా కిందికి జారుతోంది, పీటలతో సహా, గోడలు పొడుగు సాగుతున్నాయి, సున్నం రాలి కింద నల్లరాయి బయటపడుతోంది, పైన వెలుతురు జాడీ మూతంతై నిలిచిపోయింది. వాళ్లు బావి అడుగున ఉన్నారు. పైనుంచి గునపాల చప్పుడు. తర్వాత మెట్ల మీద అడుగులు, ఒక్కొక్కటే, తేలికగా, కడియాలు లేని కాళ్లు. అవి శైలజ కాళ్లేనని చూడకుండానే తెలుస్తోంది.

"దాన్ని ఆపరా!"

"నా మాట దానికి వినపడదన్నా. నీదే వినపడుద్ది. ఎందుకు వచ్చాననుకున్నావు, పెయ్యదూడ సంగతి కనుక్కోడానికా?"

"ఎందుకాపావో తెలీకుండా ఏమని చెప్పేది? నా మాట వినే పిల్లేనా అది?"

అడుగులు దగ్గరవుతున్నాయి. చెంచయ్య లేచి, ఈననున్న ఆవు డొక్కకు చెవి ఆనించినట్టు పడమటి గోడకు చెంప ఆనిస్తాడు, తర్వాత నాలుక చాపి గోడను నాకుతాడు, తుపుక్కున ఉమ్ముతాడు. పని ఆపించిన రోజూ ఇంతే. పైమెట్టు మీద కూచున్న మాలకొండయ్య చూశాడు, నాకడమూ చూశాడు, ఆ వెంటనే మొహం రంగు మారడమూ చూశాడు, అడగలేదు.

"నువ్వూ నాకు."

మాలకొండయ్య నాలుక ఆనిస్తాడు. రెండు నల్లరాళ్ల నడుమ తెల్లటి చార, అరచేతి మందాన, ఏటవాలుగా కిందికి దిగుతోంది. నాలుక పట్టుకుంది. లాగితే వస్తోంది గాని బలవంతంగా.

"రాయి అయితే నాలుకను వదిలేసిద్ది. మన్ను పట్టుకుంటది. పైనున్న బండంతా ఈ మన్ను మీద జారుడుబల్ల మీద కూచున్నట్టు కూచోనుంది. కింద తవ్వారా, మొత్తం దిగుద్ది. మనుషుల మీద."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

పైన ఒక అడుగు పడుతుంది, మట్టి రాలుతుంది.

"ఎట్టా చెప్పను?" అంటాడు చెంచయ్య, అన్న మొహం చూడకుండా. "ఊరందరికీ గీత గీసినోణ్ని, నా మందకు గీసుకున్న గీత తప్పిందని ఎట్టా చెప్పను? జల ఉండేది అవతలి దిబ్బ దగ్గర. నాకు తెలుసు. అది దూరం, మందతో పొద్దస్తమానం అక్కడే పడుండాలి. ఇంటి దగ్గర్లో ఉండాలని ఇక్కడ గీశా. నీకు గుర్తుందా, మన నాయన ఎండాకాలం మందను ఏటి కింద మాగాణులకు తోలుకుపోతే తొలకరికిగాని కనపడేవాడు కాదు? వచ్చాక మనమే ఆయన్ని చూసి దాక్కునేవాళ్లం. నా పిల్లలు నన్ను చూసి దాక్కోకూడదనుకున్నా. ఆ ఆశతో చూస్తే ఏ రాయైనా మంచిరాయే అనిపిచ్చుద్దన్నా. వానలు పడ్డాక నిదానంగా చెబుదామనుకున్నా."

"ఈలోగా పోయావు."

"పోయా."

"బండ మంచిది కాదని చెబుతాలే. నీ పేరెత్తను."

"అట్టా చెప్పొద్దు!" చెంచయ్య అన్న చెయ్యి పట్టుకుంటాడు, ఆ చెయ్యి చల్లగా, రాయి ఎంత చల్లనో అంత. "మెత్తగా చెబితే వినదు. నాయన గుర్తని దిగుతంది అది. నాయన తప్పు చేశాడని చెప్పు. అప్పుడుగాని ఆగదు. ఏడిసినా సరే, తిట్టినా సరే."

శైలజ మడమ కనపడుతోంది. ఆఖరి మెట్టు. పడమటి గోడలో ఏదో మూలిగింది, బరువు మోసేవాడు భుజం మార్చుకున్నట్టు. "అమ్మాయీ!" అని అరవాలి మాలకొండయ్య, నోరు తెరిచే ఉంది, కానీ నాలుక గోడను పట్టుకునే ఉంది, ఈసారి ఎంత లాగినా రాదు, చెంచయ్య వైపు చూస్తే అక్కడ చెంచయ్య లేడు, వాలిన భుజం ఆకారంలో రాయి ఉంది, ఆ పిల్ల కాలు కిందికి, ఇంకా కిందికి

కొట్టంలో నులకమంచం మీద మాలకొండయ్య లేచి కూర్చున్నాడు. ఎండ పడమరకు వాలింది. ఒళ్లంతా చెమట, నోట్లో తడి లేదు, నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంది. బావి దగ్గర మేస్త్రీ సింగరయ్య మోకు విప్పుతున్నాడు. శైలజ చీరె కుచ్చెళ్లు దోపుకుని, భుజాన గునపంతో పైమెట్టు మీద కాలు పెట్టి ఇటు చూస్తోంది.

"లేచావా పెదనాయనా? నీకోసమే చూస్తన్నాం. దిగమంటావా?"

ఆయన నాలుకను అంగిటి నుంచి ఊడదీసుకున్నాడు. నొప్పి పుట్టింది.

"దిగొద్దు."

"ఎందుకని?"

"గోడ జారుద్ది. మీ నాయన గీత తప్పాడు."

గునపం భుజం మీంచి దిగింది గాని కాలు మెట్టు మీంచి కదల్లేదు. "మా నాయనా? నువ్వేనా ఈ మాటంటంది? ఊళ్లో వాళ్లెవరన్నా అంటే నాలుక కోసేదాన్ని!"

సింగరయ్య మోకు వదిలేసి, తల గోక్కుంటూ, "పడమటి గోడేనా మావా, తెల్లచార ఉన్నది?" అన్నాడు. మాలకొండయ్య ఏ గోడో ఇంకా చెప్పలేదు.

"అదే," అని, ఆయన మంచం దిగి, చెప్పులు వేసుకోకుండానే ఆ ఎండలో బావి దగ్గరికి నడిచాడు. "తప్పాడమ్మాయ్. తెలిసే తప్పాడు. ఎవరికోసం తప్పాడో చెబుతా, తిట్టు, ఏడువు, నేను వింటా. దిబ్బ దగ్గర తవ్వుదాం. అందాకా మందను ఏటి కిందికి నేను తోలుకుపోతా." అక్కడితో ఆగలేదు. ఆమె తాత మందను తోలుకుపోయిన ఎండాకాలాలు చెప్పాడు, ఇద్దరు పిల్లలు తండ్రిని చూసి గాదె వెనక దాక్కోవడం చెప్పాడు, చెప్పిందే మళ్లీ చెప్పాడు, ఆ పిల్ల చెవులు మూసుకున్నా చెప్పాడు, మెట్టు మీంచి కాలు తీసేదాకా చెబుతూనే ఉన్నాడు.