ఐసు వేళ పాట

ఎర్సీలియా సూదిని పళ్ళ మధ్య పట్టుకుని గౌను అంచును కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. బూడిద రంగు ఉన్ని గౌను. మోకాలి దగ్గర రెండు అతుకులున్నాయి, చంకలో ఒకటి. నవ్వుల నాటకంలో ఇది పనిమనిషి గౌను. రాజుల నాటకంలో దీని మీద నల్ల శాలువ కప్పితే చెలికత్తె గౌను. కథానాయికకు పట్టుబట్టలు నాటకాలు ఆడించే కంట్రాక్టరు కుట్టిస్తాడు. రెండో వేషాలవాళ్ళు ఎవరి బట్టలు వాళ్ళు తెచ్చుకోవాలి.

ఆమెకు నలభై అయిదేళ్ళు. కుడి కాలి మడమ వాస్తుంది కాబట్టి ఆ చెప్పు వెనక భాగం కోసేసుకుంది. దారం కొరికి సూదిని తలగడకు గుచ్చింది. నోరు తెరవకుండా స్వరాలు కిందికీ పైకీ నాలుగుసార్లు పలికించుకుంది. నిన్నటి రొట్టె పులుసులో ముంచుకుని తిని, పదిగంటల రిహార్సలుకు బయల్దేరింది.

బొలోన్యా నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న సంత ఊరు అది. జూలైలో సంత ఉన్నన్నాళ్ళూ ఆపెరా, అంటే పాటల నాటకం, ఉంటుంది. వారంలో నాలుగు రోజులు నవ్వుల నాటకం, మూడు రోజులు రాజుల నాటకం. రాజుల నాటకంలో ఎర్సీలియా "రాణీ, శత్రువులు కోట దాటారు" అంటుంది. నవ్వుల నాటకంలో "అయ్యగారూ, నోటరీ వచ్చాడు" అంటుంది. ఆ ముక్కలు మాటకీ పాటకీ మధ్య వరసలో ఉంటాయి. తోడు హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం ఒక్కటే. రెండింటిలోనూ రెండో అంకంలో ఆమెకు ఒక పాట ఉంది. ఆ పాట మొదలవగానే పెద్దవాళ్ళు కూర్చునే బాక్సుల తలుపులు తెరుచుకుంటాయి, జనం ఐసు తినడానికి లేస్తారు. అందుకే దాన్ని ఐసు పాట అంటారు. కథానాయిక గొంతుకు విశ్రాంతి కావాలి, జనానికి చల్లగా ఏదో కావాలి. ఆ పది నిమిషాలు రంగస్థలం ఖాళీగా ఉండకూడదని ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి. ఇరవై ఆరేళ్ళుగా, పదకొండు ఊళ్ళలో, ఆ ఎవరో ఒకరు ఎర్సీలియా.

థియేటరు వెనక గదిలో ఐసు అమ్మే సాంతె నిమ్మకాయలు పిండుతున్నాడు. కొండ మీది గోతుల్లోంచి గడ్డిలో చుట్టి తెచ్చిన మంచు తొట్టెలో ఉంది.

"ఏం అక్కా, చెప్పు కోసేశావా? రేపు కాలు కూడా కోసేస్తావా?"

"నీ నాలుక కోసే కత్తి కోసం వెతుకుతున్నా."

"నిన్న రాత్రి కూడా నీ గిన్నె పక్కన పెట్టా. నువ్వొచ్చేసరికి నీళ్ళు. నీ పాట పొడుగు, నా ఐసుకి ఆయుష్షు తక్కువ. ఏం చేసేది!"

"అన్ని చెంచాల గోల మధ్య పాడమంటే పొడుగే అవుతుంది."

పదమూడు సంతలుగా సాంతె ఒక గిన్నె తీసి ఉంచుతున్నాడు. పదమూడు సంతలుగా ఆమె పాట ముగించి వచ్చి తియ్యటి నిమ్మనీళ్ళు తాగుతోంది. ఐసు ఐసులా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. అది తినే వేళలో ఆమె పాడుతూ ఉంటుంది.

రంగస్థలం మీద కంట్రాక్టరు కామిల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన కథానాయిక వియోలాంతె, మెడకు వేసవిలోనూ ఉన్ని గుడ్డ. ఆమెకు ఇరవై ఏడేళ్ళు. మిలన్ నుంచి వచ్చింది.

"ఎర్సీలియా, నీ ఐసు పాట కాగితాలు తేవాలి," అన్నాడు కామిల్లో. "రేపటి నుంచి అది వియోలాంతె పాడుతుంది. మూడో అంకంలో, దీపాలన్నీ వెలిగించి."

"మరి నేను?"

"నీకు ఇంకోటి రాయిస్తాలే. చిన్నది. ఒకటే స్వరం మీద రాయమన్నా, నీ మడమకు కూడా సుఖం."

వాద్యాలవాళ్ళలో ఎవరో నవ్వారు.

ఆ పాట ఆమె పెట్టెలోది. గాయకులు తమకు నప్పిన పాటను పెట్టెలో వేసుకుని ఊరూరా తిరుగుతారు. ఏ నాటకమైనా సరే, సందు దొరికితే అందులో దూరుస్తారు. పెద్దవాళ్ళ పెట్టెల్లో పది పాటలుంటాయి. ఎర్సీలియా పెట్టెలో ఇదొక్కటే. ఇరవై ఆరేళ్ళ కిందట ఫాయెంజా ఊళ్ళో ఆమె అద్దెకున్న ఇంటి పైగదిలో లీవియో అనే కుర్రవాడు ఉండేవాడు, చర్చిలో ఆర్గన్ వాయించేవాడి కొడుకు. ఆమె మెట్ల మీద బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తే విని, ఆమె గొంతు ఎక్కడిదాకా పోతుందో చూసుకుని ఈ పాట రాశాడు. ఆ ఏడే జ్వరంతో పోయాడు. నాటకం పుస్తకాల్లో అతని పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఆమె అచ్చు వేయమని ప్రతి ఊళ్ళోనూ అడిగింది. ఐసు పాటకు పేరెందుకన్నారు.

"ఆ పాట నాది," అంది ఎర్సీలియా.

"నీదేంటమ్మా? కంట్రాక్టు చూసుకో. నా రంగస్థలం మీద పాడినదేదైనా నేను ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇస్తా. సంతకం పెట్టావు. అయినా ఇన్నేళ్ళలో ఎవరు విన్నారు దాన్ని? ఎవరూ వినని పాట నీకెందుకు?"

"ఎవరూ వినలేదా? ఈవిడ వింది. విన్నవాళ్ళు దొంగతనానికి వచ్చారు కదా!"

వియోలాంతె మొహం ఎర్రబడింది. "మంచి పాట, పిన్నిగారూ. చెంచాల చప్పుడు మధ్య పోతోంది. నేను పాడితే మూడువందల మంది వింటారు. మీకు సంతోషం కాదా?"

"నీ పాట ఎవరైనా వింటే నీకు సంతోషం. నా పాట నీ నోట వింటే నాకు సంతోషమా? ఏ ఊరి లెక్కమ్మా అది?"

"గొంతు తగ్గించు," అన్నాడు కామిల్లో. "సంత మధ్యలో మానేస్తే ఏ కంట్రాక్టరూ నిన్ను పిలవడు. ఆ పని నేను చూసుకుంటా."

ఎర్సీలియా బసకు నడిచివెళ్ళి పెట్టె తెరిచి నాలుగు కాగితాలు తెచ్చి అతని చేతికిచ్చింది. మడతల దగ్గర చిరిగితే పిండితో అతికించిన కాగితాలు. వియోలాంతె అక్కడే తిరగేసింది.

"రెండోసారి పాడేది ఏదీ? ఇక్కడ 'మళ్ళీ మొదటి నుంచి' అని మాత్రమే ఉంది. మీరు పాడే సంగతులు ఇందులో లేవే?"

"కాగితం మీద ఉన్నదంతా ఇచ్చాను."

ఆ సంగతులు ఎవరూ రాసినవి కావు. మొదటిసారి పాట రాసినట్టే పాడాలి. రెండోసారి పాడేవాళ్ళు తమ చేతనైనది చేర్చాలి. ఒక మెలిక మాంతువాలో పుట్టింది, తల్లి పోయిన వారంలో. ఒకటి జ్వరంలో పై స్వరం అందక చుట్టు తిరిగి వెళ్తే దొరికింది. ఇరవై ఆరేళ్ళు, జనం వీపుల వైపు పాడుతూ, ఒక్కోటీ కూడబెట్టింది.

"పర్వాలేదు," అంది వియోలాంతె. "ఈ రాత్రి మీరు పాడతారు కదా. నేను పక్క తెర దగ్గర నిలబడి రాసుకుంటాను."

రాత్రి నవ్వుల నాటకం. మొదటి అంకంలో ఎర్సీలియా నోటరీ వచ్చాడంది, దీపం పట్టుకుంది, చీవాట్లు తింది. రెండో అంకంలో ముసలి యజమాని లోపలికి వెళ్ళాక ఆమె ఒక్కతే మిగిలింది. ఓబో వాద్యం మొదలైంది. బాక్సుల తలుపులు తెరుచుకున్నాయి. కింది వరసల్లో బెంచీలు కిర్రుమన్నాయి. సాంతె పళ్ళేలు నడవలోకి వెళ్ళాయి.

ఆమె పాడింది, రాసినట్టే. ఎక్కడా ఒక మెలిక వేయలేదు. ఎడమ పక్క తెర దగ్గర వియోలాంతె కాగితం అట్ట మీద పెట్టుకుని నిలబడింది. కామిల్లో కొవ్వొత్తి పట్టుకున్నాడు. వియోలాంతె పెదాలు ఎర్సీలియాతోపాటు కదిలాయి, ఎర్సీలియా ఊపిరి తీసినచోటే ఆమే ఊపిరి తీసింది. ఇన్నేళ్ళలో ఈ పాటను మొదటినుంచి ఇంత శ్రద్ధగా విన్న మనిషి వియోలాంతె ఒక్కతే.

మొదటిసారి ముగిసింది. మళ్ళీ మొదటికి రమ్మని ఓబో పిలిచింది. వియోలాంతె పెన్సిలు కాగితానికి ఆనించింది. ఎర్సీలియా నోరు తెరిచింది. ఆ పెన్సిలు మొన చూసింది. నోరు మూసింది.

ఖాళీ బెంచీలకు వంగి నమస్కరించి కుడి వైపు నుంచి లోపలికి నడిచింది.

ఓబో ఒంటరిగా కాసేపు మోగి ఆగిపోయింది. హార్ప్సికార్డ్ వాడు కంగారుపడి తర్వాతి ముక్క అందుకున్నాడు. నడవలో ఒక్కరూ తల తిప్పలేదు. పాటలో సగం పోయిందని ఆ ఊళ్ళో టికెట్టు కొన్నవాళ్ళెవరికీ తెలియలేదు.

సాంతె తల ఎత్తాడు. "అప్పుడేనా? ఏమైంది అక్కా?"

"నా గిన్నె ఏది?"

అతను చూపించాడు. ఆమె తొట్టె అంచు మీద కూర్చుంది. చెంచా దిగలేదు. గట్టిగా గుచ్చి తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుపోయాయి.

"ఇంత పుల్లగా ఉంటుందా?"

"ఎప్పుడూ ఇంతే. కరిగాక తీపి ఒక్కటే తెలుస్తుంది."

ఆమె తొందరపడకుండా తింది. తర్వాత చెంచాతో గిన్నె అంచు మీద మెల్లగా కొడుతూ, గొంతు పెంచకుండా, సాంతెకి రెండోసారి పాట పాడి వినిపించింది. మాంతువా మెలిక, జ్వరం మెలిక, అన్నీ. సాంతె పిండుతున్న నిమ్మచెక్కను చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"మూడో అంకంలో నువ్వు లేవా?" అని అడిగాడు చివరికి.

"నోటరీ వచ్చాడని చెప్పేశాను. ఇంకెవరు రావాలి?"

ఆమె లేచి, గౌను దులుపుకుని, వెనక తలుపు తీసుకుని వెళ్ళింది. సంత మైదానంలో రిమిని ఊరికి పోయే ఉప్పు బళ్ళు కడుతున్నారు. మడమ లేని చెప్పు చప్పుడు ఆ బళ్ళ వైపు కాసేపు వినబడింది.

కామిల్లో, వియోలాంతె వచ్చేసరికి గదిలో సాంతె ఒక్కడే ఉన్నాడు.

"ఎక్కడ ఆవిడ? రెండోసారి పాడకుండా ఎక్కడికి పోయింది?"

"నాకేం తెలుసండీ, ఐసు తినేసి వెళ్ళింది."

బల్ల మీద గాజుగిన్నె ఖాళీగా ఉంది. అడుగున ఒక నిమ్మగింజ. బయట గాజుకు పట్టిన చెమ్మలో అయిదు వేళ్ళ గుర్తులు ఇంకా ఆరలేదు.